కెజియా ఇంటి నౌకరు

కట్టుకున్న మొగుణ్ణి సర్కారు దగ్గర నౌకరుగా రాయించి తెచ్చుకున్న ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఖైదీల ఓడలు దిగే ఈ హోబార్ట్ పట్నంలో ఇంకొందరు లేకపోలేదు. మా వాగు వీధిలో మాత్రం కెజియా థర్లో ఒక్కతే. మాది ఎదురిల్లు. ఆమె సంగతులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. తెలియనివి అడిగి తెలుసుకున్నాను. అడిగినా చెప్పనివి కిటికీలోంచి చూశాను.

చూడడానికి నాకు వీలుంది. మా ముందు గదిలో బట్టలు ఒత్తే మర ఉంది. రాళ్ళు నింపిన పెద్ద పెట్టె, దాని కింద చెక్క రూళ్ళు. ఉతికిన దుప్పట్లు, బల్లగుడ్డలు రూళ్ళకు చుట్టి పెట్టెను అటూ ఇటూ లాగితే ఇస్త్రీ చేసినట్టు వస్తాయి. వీధిలో ఆడవాళ్ళందరూ బట్టలు తెచ్చి, అవి తయారయ్యేదాకా అక్కడే కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు నోరు కట్టుకుని కూర్చోరు కదా.

నేనూ ఖైదీ ఓడలో వచ్చినదాన్నే. కొట్లో రిబ్బను చుట్ట ఒకటి జేబులో వేసుకున్నందుకు ఏడేళ్ళు వేశారు. మా వీధిలో ఆ మాట దాచుకునే పనిలేదు. ఏం దొంగిలించి వచ్చావని అడగడం మా దగ్గర మీది ఏ ఊరని అడగడం లాంటిది. ఒకామె వెన్న ముద్ద, ఒకాయన గొర్రె, పక్కింటి ముసలాయన తన యజమాని గొడుగు. కెజియా మాత్రం ఏమీ దొంగిలించలేదు. తన డబ్బుతో కాకపోయినా తన ఇష్టంతో ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమెకు జరిగినదంతా అక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది. ఖైదీగా వచ్చి ఉంటే మొదటి నెలలోనే ఈ ఊరి పద్ధతి ఒంటికి పట్టేది.

దొంగిలించింది ఆమె మొగుడు సైలస్. సముద్రం అవతల సఫోక్ పల్లెలో బూట్లు కుట్టేవాడు. ఒక చలికాలం యజమాని కూలి సగానికి కోసేస్తే, కొట్లోంచి దూడతోలు ఒకటి కోటు కింద ఒంటికి చుట్టుకుని ఇంటికి నడిచాడు. తోలు కొత్తది, నడుస్తుంటే కిర్రుకిర్రుమంది. దారిలోనే పట్టుకున్నారు. సముద్రం ఇవతలికి ఏడేళ్ళు అన్నారు. ఇక్కడ ఒక బూట్ల కొట్లో నౌకరుగా పడేశారు. మాటలు తక్కువ, పని ఎక్కువ, మందు వాసన పడనివాడు. అంత బుద్ధిగా ఉన్న ఖైదీ కనుక, పెళ్ళాం పిల్లల్ని సర్కారు ఖర్చుతో పిలిపించమని అర్జీ పెట్టుకుంటే ఒప్పుకున్నారు.

ఓడ వచ్చిందంటే నేను రేవులో ఉండాల్సిందే. ఆ రోజూ ఉన్నాను. సైలస్ యజమాని దగ్గర అనుమతి తీసుకుని, గడ్డం గీసుకుని, తోలు ముక్కలతో చేసిన చిన్న బంతి ఒకటి చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. కెజియా పడవ దిగింది. పొడుగు మనిషి, ఎముకలు కనిపిస్తున్నాయి. చేతిలో ఒక మూట, అంతే.

“అబ్బాయేడే?” అన్నాడు సైలస్.

“ముందు నన్ను చూడు.”

“చూశాను. ఆమోసు ఏడీ?”

“ఓడలో తట్టు పోసింది. పిల్లలు చాలామంది పోయారు. మనవాడూ పోయాడు.”

“ఎక్కడ పెట్టారు?”

కెజియా అతని ముఖంలోకి చూసి, చాలా మెల్లిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. “ఎక్కడ పెడతారు సైలస్? చుట్టూ నీళ్ళేగా.”

అతను బంతి జేబులో పెట్టుకున్నాడు. మూట అందుకున్నాడు. ఇద్దరూ నా ముందు నుంచే నడిచి వెళ్ళారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోలేదు, ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోనూ లేదు. అప్పుడే అరుచుకుని ఉంటే బాగుండేది.

కెజియా చొక్కాలు కుట్టడంలో దిట్ట. ఎదుటి ఇల్లు అద్దెకు తీసుకుంది. రెండు గదులే. ఒక దుకాణానికి చొక్కాలు కుట్టి ఇస్తూ, చర్చి గురువుగారి చేత అర్జీ రాయించింది. నాకు ఇల్లుంది, పని ఉంది, తిండి పెట్టగలను, ఖైదీ సైలస్ థర్లోను నాకు నౌకరుగా ఇప్పించండి అని. మొగుడూ పెళ్ళాం ఒక కప్పు కింద ఉండడానికి ఈ దీవిలో అంతకన్నా దగ్గర దారి లేదు.

ఇప్పించారు. పర్కిస్ అనే కానిస్టేబులు సైలస్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఈ పర్కిస్ కూడా ఖైదీయే. వెండి చెంచాలు ఎత్తుకుని వచ్చినవాడు. మా ఊళ్ళో దొంగల్ని పట్టే పని దొంగలకే ఇచ్చేవారు. ఎంతమందిని పట్టిస్తే అంత త్వరగా వాళ్ళకు విడుదల.

“ఇదుగో థర్లో అమ్మా, నీ నౌకరు. దొరికాడు కదా, జాగ్రత్తగా చూసుకో,” అన్నాడు పర్కిస్. “ఆదివారం చర్చి దగ్గర ఖైదీల హాజరుకి పంపాలి. గుమ్మం దాటితే నీ చేతి చీటీ ఉండాలి. కూడూ గుడ్డా నీవే. ఎదురు తిరిగితే మాకు చెప్పు.”

“ఎదురు తిరిగితేనా?” అంది కెజియా. “పెళ్ళైన మర్నాటి నుంచీ తిరుగుతూనే ఉన్నాడు.”

వీధి అంతా నవ్వింది. సైలస్ కూడా నవ్వాడు. కొడుకు పోయిన కబురు విన్నాక అతని పళ్ళు కనిపించడం అదే మొదలు.

తర్వాత వీధి ఊరుకోలేదు. చేపలమ్మే బెట్సీ గంప దించుకుని మరీ అడిగేది. “ఏమే కెజియా, మీ నౌకరు పక్క సరిగ్గా వేస్తున్నాడా?”

“వేస్తాడు గానీ నీకెందుకే?”

“మా ఆయన చేత కూడా వేయించుకుందామని. నౌకరు కాదుగా, మాట వినడు.”

కెజియా నవ్వేది. మొదట్లో సైలస్ కూడా తోలు మీద తల వంచుకుని నవ్వేవాడు. కానీ ఆదివారం హాజరులో మగవాళ్ళ మాటలు వేరుగా ఉండేవి. “ఏరా థర్లో, అమ్మగారు ఈ వారం ఎన్ని దెబ్బలు వేసింది? గిన్నెలు తోమావా? కాళ్ళు పట్టావా?” చర్చికి వెళ్ళి వచ్చినప్పుడల్లా అతని ముఖం మూసిన తలుపులా ఉండేది.

చీటీలు నేనే రాసేదాన్ని. కెజియాకు చదువు రాదు. మా పల్లెలో ముసలమ్మ నడిపిన బడి పుణ్యమా అని నాకు నాలుగు అక్షరాలు వచ్చు. ‘నా నౌకరు సైలస్ థర్లోను తోలు తేవడానికి పంపుతున్నాను’ అని రాస్తే, కింద కెజియా అడ్డంగా ఒక గీతా నిలువుగా ఒక గీతా గీసేది. సైలస్ అది మడిచి టోపీలో పెట్టుకునేవాడు. చేతికి అందుకునేటప్పుడు చీటీ వంక చూసేవాడు కాదు.

ఇద్దరి ఆశా ఒక్కదాని మీదే ఉండేది. అది సెలవు చీటీ. ఏడేళ్ళ శిక్ష పడ్డవాడు నాలుగేళ్ళు మచ్చ లేకుండా పని చేస్తే సర్కారు ఆ చీటీ ఇస్తుంది. శిక్ష తీరిపోయినట్టు కాదు, కానీ తన కూలి తను చేసుకోవచ్చు, తన పేరుతో కొట్టు పెట్టుకోవచ్చు. ఎవరి నౌకరూ కాదు. సైలస్‌కు ఇంకొక్క చలికాలం గడిస్తే చాలు. ముందు గది బూట్ల కొట్టు, వెనక గది కాపురం అని కెజియా అప్పుడే లెక్క వేసుకుంది. “ఆ చీటీ రానీ డోర్కస్ అమ్మా,” అనేది నాతో, “ఆ రోజు ఈయన చేత ఒక్క మాట అనిపించుకుంటా. నోరు మూసుకోవే అని నన్ను గట్టిగా కసరాలి. ఎన్నాళ్ళైందో విని.”

ఆ ఆకురాలు కాలంలోనే ఆమోసు పుట్టినరోజు వచ్చింది.

సైలస్ ఆ పొద్దున చీటీతోనే వెళ్ళాడు. ఒక ఓడ కెప్టెనుకు బూట్లు ఇచ్చి రావాలి. ఆ కెప్టెను కూలిలో కొంత రమ్ముగా పోశాడు. మా ఊళ్ళో సగం కూలి అలాగే ముట్టేది, అందులో వింత లేదు. వింత ఏమిటంటే ఎప్పుడూ వద్దనే సైలస్ ఆ రోజు పుచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి గోడ పట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. నా మర ఆగింది. అంటే నేనే ఆపాను.

“ఈ రోజేం రోజో తెలుసా నీకు?” కెజియా గొంతు.

“తెలుసు. తెలిసే తాగాను.”

“వాడి పుట్టినరోజున సారా వాసనతో వస్తావా?”

“వాణ్ణి ఓడెక్కించమని నీకెవరు చెప్పారే? మీ అక్క దగ్గర ఉంచి రాకూడదూ? వాణ్ణి నీళ్ళల్లో పారేసి మూటతో దిగావు.”

కెజియా అప్పుడన్నది. అంత నెమ్మదిగా అనకుండా ఉండాల్సింది. “తోలు దొంగిలించమని నీకెవరు చెప్పారు?”

అంతే. గాజు పగిలింది. ఆమె కత్తిరించి పెట్టుకున్న చొక్కాల గుడ్డంతా కిటికీలోంచి వాకిట్లో బురదలో పడింది. ఆమె మీద మాత్రం చెయ్యి పడలేదు. అది నేను ఎక్కడైనా చెబుతాను. సైలస్ విసురుగా బయటికి వచ్చి మూల మీద సారా కొట్టు వైపు నడిచాడు. టోపీ లేదు, టోపీలో చీటీ లేదు.

కెజియా శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

“ఎక్కడికే?” అన్నాను.

“ఆయన్ని తెల్లారేదాకా లోపల కూర్చోబెట్టించి వస్తా. ఇంకా తాగితే ఎవరితోనో కలబడతాడు. సెలవు చీటీకి ఎసరు.”

వాళ్ళ పల్లెలో చర్చి గోడ పక్కన రాతి కొట్టు ఒకటి ఉందట. మొగుడు తాగి గొడవ చేస్తే పెళ్ళాం వెళ్ళి ఊరి కానిస్టేబులుతో చెబుతుంది. అతను తాగినవాణ్ణి అందులో పడేసి తాళం వేస్తాడు. తెల్లారి ఆవిడే జావ పట్టుకెళ్ళి, తలుపు తీయించి, నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి తెచ్చుకుంటుంది. వాళ్ళమ్మ అలాగే చేసింది, వాళ్ళ అత్తా అలాగే చేసింది. ఊరంతా చేసేదే.

“ఒద్దే తల్లీ,” అన్నాను. “ఇది మీ ఊరు కాదు. ఇక్కడ కానిస్టేబులుతో పొద్దు ఎంతైందన్నా రాసుకుంటాడు.”

“ఒక్క పూటే కదా డోర్కస్ అమ్మా. మత్తు దిగితే మనిషి మంచివాడేగా.”

చేతిలో తడి దుప్పటితోనే వెనక పరిగెత్తాను. అప్పటికే ఆమె పర్కిస్‌ను పట్టుకుంది.

“తాగొచ్చాడు నాయనా. సామానంతా పగలగొట్టాడు. చెప్పిన మాట వినడు. ఇష్టమొచ్చినప్పుడు పోతాడు, ఇష్టమొచ్చినప్పుడు వస్తాడు. నాకు తల ప్రాణం తోకకొస్తోంది. తెల్లారేదాకా కాస్త లోపల పెట్టు.”

“చీటీ ఇచ్చే పంపావా అమ్మా?”

“చీటీ ఎక్కడిది, విసురుగా పోతేనూ.”

“అలాగే అలాగే,” అన్నాడు పర్కిస్. చాలా మర్యాదగా అన్నాడు.

ఆమె అన్నవన్నీ ప్రతి ఇల్లాలూ అనే మాటలే. మా అమ్మ అనేది, నేనూ అంటాను. పొయ్యి దగ్గర అంటే అవి మాటలు. ఈ దీవిలో ఒక యజమాని తన ఖైదీ నౌకరు గురించి అంటే ఒక్కొక్క మాటా ఒక్కొక్క నేరం. తాగడం ఒకటి, అవిధేయత ఒకటి, అనుమతి లేకుండా గుమ్మం దాటడం ఒకటి.

తెల్లారి కెజియా జావ కాచి, బెల్లం పాకం పోసి, మూత డబ్బాలో పెట్టి, చల్లారకుండా గుడ్డ చుట్టింది. పోలీసు ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. తలుపు తీస్తారు, మొగుణ్ణి తీసుకుపోదామని ఆమె నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నారు. అక్కడ బల్ల, బల్ల వెనక మేజిస్ట్రేటు, కటకటాల పక్కన సైలస్. రాత్రికి రాత్రి పదేళ్ళు పైబడ్డవాడిలా ఉన్నాడు.

“ఈ ఖైదీ నీ నౌకరేనా?” అన్నాడు మేజిస్ట్రేటు.

“అవును దొరా. నా మొగుడు దొరా.”

“నౌకరా కాదా అని అడిగాను. నీ అనుమతి లేకుండా ఇల్లు దాటాడా?”

“దాటాడు గానీ...”

“నీ మాటకి ఎదురు చెప్పాడా?”

“ఎవరి మొగుడు చెప్పడు దొరా?”

వెనక బల్లల మీద జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుతోనే పని చెడింది. మేజిస్ట్రేటు మూతి బిగిసింది.

“నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటా దొరా. కోపంలో అన్నాను. ఇదుగో, జావ తెచ్చాను, ఇంటికి తీసుకుపోతా.”

“ఇది చేపల అంగడి కాదమ్మా, నచ్చలేదని వెనక్కి ఇచ్చెయ్యడానికి. నౌకరుని అదుపులో పెట్టలేని చోట ఖైదీని ఉంచడం మాదీ తప్పే.” సైలస్ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?”

సైలస్ మేజిస్ట్రేటు వంక చూడలేదు. పెళ్ళాం వంక చూశాడు.

“అమ్మగారు చెప్పిందంతా నిజమే,” అన్నాడు.

యాభై కొరడా దెబ్బలు. ఆ పైన ఆరు నెలలు గొలుసులతో రోడ్డు పని. సెలవు చీటీ ఊసే లేదు, ఇక ఏడేళ్ళూ పూర్తిగా అనుభవించాల్సిందే.

కెజియా జావ డబ్బా ఎవరికి ఇవ్వాలో తెలియక చేతిలోనే పట్టుకుని కనిపించినవాళ్ళందరి ముందుకూ చాపింది. “నిన్నటి నుంచి ఏమీ తినలేదు బాబూ, రెండు గుక్కలు తాగనివ్వండి,” అంటూ. పర్కిస్ ఆమె ముందు నుంచే వెళ్ళాడు, ఆమె ఎవరో తెలియనట్టు. దెబ్బలు ఆ పూటే, వెనక పెరట్లోనే. రావే పోదాం అన్నాను. కదల్లేదు. నేను ఆమె చెవులు మూయబోతే నా చేతులు తోసేసింది. పెదాలు కదుపుతూ ప్రతి దెబ్బా లెక్కపెట్టింది. చివర్లో సైలస్ గొంతు వినిపించడం మానేసింది. ఆమె మాత్రం ఆపకుండా చివరిదాకా లెక్కపెట్టింది.

ఆ చలికాలమంతా ఆమె ఆదివారాలు నది ఎగువకు నడిచి వెళ్ళేది. అక్కడ పసుపు బట్టల ఖైదీలు కాళ్ళకు గొలుసులతో నదికి అడ్డంగా రాతి కట్ట వేస్తున్నారు. దగ్గరికి రానివ్వరు. బురద గట్టు మీద నిలబడి చూసి వచ్చేది. “చిక్కాడా?” అని అడిగితే, “అంతమందిలో ఎవరో తెలియడం లేదు, అందరూ ఒక్కలాగే వంగి ఉన్నారు,” అంది ఒకసారి.

మిగతా రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగింది. గురువుగారి కాళ్ళు పట్టుకుంది. పాత బూట్ల కొట్టు యజమాని చేత మంచిమాట చెప్పించుకుంది. రాళ్ళు చెక్కే మా ఆయన చేత పూచీ పెట్టించింది. గొలుసు విప్పాక సైలస్‌ను మళ్ళీ ఆమెకే నౌకరుగా ఇచ్చారు.

వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఏదో గిన్నె ఇచ్చే నెపంతో వెళ్ళాను. సైలస్ గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గొలుసు లేకపోయినా కాళ్ళు ఇంకా దగ్గర దగ్గరగానే వేస్తున్నాడు.

“లోపలికి రా,” అంది కెజియా. వచ్చాడు. గోడ పక్కన నిలబడ్డాడు.

“కూర్చో.” కూర్చున్నాడు.

“తినవయ్యా, ఏంటలా చూస్తావ్?” తిన్నాడు. ప్లేటు కడిగి బోర్లించాడు. మళ్ళీ గోడ పక్కన నిలబడ్డాడు.

“అమ్మగారూ, ఇంకేమైనా పని ఉందా మీకు?”

ఆమె నవ్వింది. పరిహాసం అనుకుంది, కోపం తీరడానికి నాలుగు రోజులు ఆడిస్తాడనుకుంది. నాలుగు రోజులు గడిచాయి, నాలుగు నెలలు గడిచాయి. చెప్పింది చేస్తాడు. చెప్పనిది చేయడు. కూర్చోమంటే కూర్చుంటాడు, పడుకోమంటే పడుకుంటాడు. మంచం మీద పడుకోమంటే మంచం అంచున, ఎక్కడ చెబితే అక్కడ, దుంగలా పడుకుంటాడు. పొద్దున్నే లేచి చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని నిలబడతాడు. ఆ వీపు ఆమెకు ఒక్కసారి కూడా చూపించలేదు.

“ఒక్కసారి కాదనమనండి డోర్కస్ అమ్మా,” అని నా మర పక్కన కూలబడి ఏడ్చింది. “ఒక్కసారి నన్ను తిట్టమనండి. గిన్నె విసిరికొట్టమనండి. నేను ఎవరికీ చెప్పను. ప్రాణం పోయినా చెప్పను.”

ఇక చెప్పడమే మానేద్దామనుకుంది. ఆ రోజు ఏ పనీ చెప్పలేదు. సైలస్ తెల్లారినప్పటి నుంచి పెరట్లో వానలో నిలబడ్డాడు. దారిన పోయే కానిస్టేబులు ఒకడు ఆగి, ఈ నౌకరు పని లేకుండా ఎందుకు నిలబడ్డాడని అడిగాడు. కెజియా పరిగెత్తుకొచ్చి, కట్టెలు కొట్టమని నేనే చెప్పానంది. సైలస్ వెంటనే గొడ్డలి అందుకున్నాడు. ఒకసారి మోకాళ్ళ మీద పడి క్షమించమని అడిగింది. “లేవండి అమ్మగారూ, వీధిలోవాళ్ళు చూస్తారు,” అన్నాడట.

నాకు ఉండబట్టలేదు. ఆమె దుకాణానికి వెళ్ళిన సమయం చూసి నా పాత బూటు పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను.

“ఏవయ్యా సైలస్, ఎంతకాలం ఈ నాటకం?”

“నాటకం కాదమ్మా.” సూది ఆపలేదు. “ఇంకోసారి ఎదురు తిరిగావంటే ఈసారి వంద అన్నారు. వంద తిని బతికినవాణ్ణి నేను చూళ్ళేదు.”

“నీ పెళ్ళాం మళ్ళీ చెబుతుందా, నీ పిచ్చి గానీ?”

“మొదటిసారీ చెబుతుందనుకోలేదు,” అన్నాడు.

బూటు చేతికిచ్చాడు. కుట్టు చక్కగా ఉంది. బూటు చంకన పెట్టుకుని లేచి వచ్చేశాను. ఇంకేమీ అడగకుండా లేచి రావడం నా జీవితంలో అరుదు.

అలా మిగిలిన శిక్షాకాలం గడిచింది. కెజియా ఆ రోజు కోసం ఎదురుచూసిందో, ఆ రోజు రాకూడదని మొక్కుకుందో ఆమెకే తెలియదు. ఖైదీగా ఉన్నంతకాలం అతను వెళ్ళలేడు. విడుదలైతే ఉండనక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉన్నది మొగుడా, నౌకరా అన్నది ఆ రోజే తేలాలి.

విడుదల కాగితం తెచ్చుకోవడానికి సైలస్ పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాడు. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. సిగ్గు లేదర్రా, లోపలికి పొండి అని అందరినీ కసిరి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కెజియా గొర్రె మాంసం బంగాళాదుంపలతో ఉడకేసింది. రెండు ప్లేట్లు పెట్టింది. పొయ్యి పక్కన నిలబడింది, నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు.

అతను వచ్చాడు. టోపీ మేకుకు తగిలించాడు. ఎవరూ చెప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది చూసి కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను. తిన్నాడు. “బాగుంది,” అన్నాడట. తర్వాత, ఇన్నాళ్ళకు, పేరు పెట్టి పిలిచాడట.

“కెజ్జీ, నాకు నీ మీద కోపం లేదు. ఎప్పుడో పోయింది. కానీ ఈ ఇంట్లో నీ అడుగుల చప్పుడు వింటే నా ఒళ్ళు దానంతటదే లేచి నిలబడుతోంది. నేను చెప్పినా కూర్చోవడం లేదు.”

అతను బూట్లు కుట్టే సామాను తోలు గుడ్డలో చుట్టాడు. మూట భుజాన వేసుకుని గుమ్మం దిగాడు.

నేను వీధి దాటి పరిగెత్తాను. కెజియా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

“పిలువే! పిలువు, వస్తాడు!”

“పిలిస్తే వస్తాడు డోర్కస్ అమ్మా,” అంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. “ఇన్నాళ్ళూ పిలిచినప్పుడల్లా వచ్చాడు. అలా రావడం వద్దు నాకు.”

సైలస్ తోళ్ళ కార్ఖానా మూల దగ్గర ఆగాడు. మూట దించి నేల మీద పెట్టాడు. వీపు మా వైపే ఉంది. చాలాసేపు అలాగే ఉన్నాడు, గుమ్మడికాయల బండి ఒకటి అతన్ని తప్పించుకుని వెళ్ళేంతసేపు. కెజియా గుమ్మం పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకుంది. అతను మూట ఎత్తుకున్నాడు. మూల తిరిగాడు.

ఆ వారమే జలసంధి అవతల కొత్తగా వెలుస్తున్న ఊరికి ఓడెక్కాడని రేవులో విన్నాను. తర్వాత అటు నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను. బూట్లు కుట్టే సైలస్‌లు ఇద్దరు తేలారు. ఇద్దరూ వేరేవాళ్ళు.

కెజియా ఆ ఇంట్లోనే చొక్కాలు కుడుతూ బతికింది. కళ్ళు మందగించాక నా మర లాగడానికి వచ్చేది. ఖైదీ పిల్ల ఒకతెను నౌకరుగా తీసుకోమని, చేతికింద సాయంగా ఉంటుందని ఒక దొరసాని చెబితే, ఆవిడ ముఖం మీదే తలుపు వేసింది. పోయిన చలికాలం దగ్గుతో మంచం పట్టి, లేవలేదు. నీళ్ళు కావాలన్నా అడిగేది కాదు. చెంబు వైపు చూసేది, మేమే తెలుసుకోవాలి. పాతిపెట్టేటప్పుడు, వితంతువు అని రాయనా, భార్య అని రాయనా అని గురువుగారు నన్ను అడిగారు. ఉత్త పేరు రాయమన్నాను.

ఆ మూల దగ్గర అతను ఎందుకు ఆగాడో కెజియాను ఒక్కసారే అడిగాను. బల్లగుడ్డ రెండు కొసలూ చెరొకరం పట్టుకుని మడతపెడుతున్నాం.

“బూటు లేసు ఊడి ఉంటుంది. కట్టుకున్నాడు,” అంది.

అతను వంగలేదు. నేను చూశాను.